నైస్ అనే మాటకు మూడో చీటీ

ఆ చీటీ మీది వాక్యం చదవగానే నేను చేసిన మొదటి పని, మూలన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టడం. తలుచుకుంటే ఇప్పటికీ నా చేతిని నేనే విరిచేసుకోవాలనిపిస్తుంది. వాక్యం అంత బాగుంది మరి. మూడు నెలలుగా ఆఫీసంతా వెతుకుతున్న వాక్యం. టిక్కు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య, దొరికింది" అని పైకే అనేశాను. దాని కింద ఉన్న వివరాలు ఆ తర్వాత చదివాను.

మాది ఇంగ్లిషు మాటలకు తెలుగు అర్థాలు చెప్పే నిఘంటువు కార్యాలయం. మూడో అంతస్తులో నాలుగు గదులు, గదుల నిండా రేకు పెట్టెలు, పెట్టెల నిండా చీటీలు. ఒక్కో అక్షరానికి ఒక్కో సంపాదకుడు. ఫలానా మాటకు ఫలానా అర్థం ఉందని మేము అచ్చు వేయాలంటే, ఆ అర్థంలో ఆ మాటను ఎవరో ఒకరు నిజంగా వాడారని చెప్పే చీటీలు మూడు ఉండాలి. సొంతంగా అల్లిన వాక్యం పనికిరాదు. చీటీ మీద వాక్యం, దాని కింద నాలుగు వరసలు: ఎక్కడ విన్నారు, ఎప్పుడు విన్నారు, అన్నది ఎవరు, ఎవరితో అన్నారు. ఈ నాలుగింటిలో ఒక్కటి దాచినా, మార్చినా ఆ చీటీ చెత్తబుట్టలోకే. ఇది మా పెద్దాయన పెట్టిన రూలు. "అబద్ధాలు రాయాలని సరదాగా ఉంటే కింది అంతస్తులో ప్రకటనల కంపెనీ ఉంది, వెళ్లి చేరండి" అంటాడు కొత్తగా వచ్చినవాళ్లతో.

నిజానికి 'నైస్' నా మాట కాదు. ఎన్ అక్షరం, ఆఫీసంతా నిదానం గారని పిలిచే ఆయనది. ఆయన ఆ బిరుదుకు ఏ లోటూ రానివ్వకుండా పన్నెండేళ్లలో ఎన్ ఏ నుంచి ఎన్ ఐ దాకా వచ్చి, నడుం పట్టేసిందని పోయిన సోమవారం సెలవు పెట్టాడు. ఆ పెట్టె తెచ్చి నా బల్ల మీద కుదేశారు. నా అక్షరంతోనే నాకు ఊపిరాడటం లేదు, పైగా ఇదొకటా అని తిట్టుకుంటూ తెరిచాను.

నైస్ అంటే అందరికీ తెలిసిన మాటే అనుకుంటాం. దాని పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే మతి పోతుంది. పుట్టింది లాటిన్లో, అక్కడ దాని అర్థం 'ఏమీ తెలియని' అని. ఫ్రెంచి మీదుగా ఏడు వందల ఏళ్ల కిందట ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు బుద్ధి లేనివాణ్ణి నైస్ అనేవాళ్లు. కొన్నాళ్లకు సోకులరాయుణ్ణి అన్నారు. ఇంకొన్నాళ్లకు ప్రతిదానికీ వంకలు పెట్టేవాణ్ణి అన్నారు. అక్కడి నుంచి అది సున్నితం వైపు జరిగింది. వెంట్రుకవాసి తేడా నైస్, ఆ తేడాను పట్టుకునే చూపు నైస్, ఎటూ తేల్చలేక జాగ్రత్తగా తూచవలసిన సమస్య నైస్. గట్టిగా చూస్తే రెండున్నర వందల ఏళ్ల నుంచే వాన వెలిసినా నైస్, టీ బాగున్నా నైస్, పక్కింటివాళ్లు పలకరించినా నైస్. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? పొడిని నైస్‌గా ఆడించమంటాం, పని పడితే నైస్‌గా జారుకుంటాం, ఎవరైనా మరీ తియ్యగా మాట్లాడితే "నన్ను నైస్ చేయకు" అని కసురుతాం.

ఇన్ని అర్థాలకూ చీటీలు దండిగా ఉన్నాయి, ఒక్క 'జాగ్రత్తగా తూచవలసిన' అనే అర్థానికి తప్ప. దానికి రెండే. ఒకటి పాత కోర్టు తీర్పులోది, ఇంకొకటి గడియారాల కరపత్రంలోది. ఈ కాలపు మనిషి నోట విన్నది ఒక్కటి దొరక్కపోతే ఆ అర్థాన్ని కొట్టేయాలని పెద్దాయన తేల్చి చెప్పాడు. అలాంటి పరిస్థితిలో పెట్టె అడుగున నాకు మూడో చీటీ దొరికింది.

"ఇటీజ్ ఎ నైస్ క్వశ్చన్ వెదర్ వి షుడ్ ఆపరేట్ ఎట్ ఆల్. ద గ్రోత్ ఈజ్ సిట్టింగ్ రైట్ ఆన్ యువర్ స్పీచ్."

అసలు ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది చాలా జాగ్రత్తగా తూచవలసిన ప్రశ్న, గడ్డ సరిగ్గా మీ మాట మీదే కూర్చుంది అని. పాతకాలపు చదువు చదివిన మనిషెవరో, ఎంత శుభ్రంగా వాడాడు అని మురిసిపోయాను. టిక్కు పెట్టింది అప్పుడే. ఆ తర్వాత కిందికి చూశాను. ఎక్కడ: మెదడు, నరాల ఆస్పత్రి, రెండో అంతస్తు, డాక్టరు గది. ఎప్పుడు: పోయిన నెల ఇరవై ఎనిమిది, ఉదయం పదకొండున్నర. అన్నది: ఆపరేషన్లు చేసే డాక్టరు, వయసు సుమారు డెబ్బై. ఎవరితో: సేకర్తతో.

సేకర్త అంటే ఆ చీటీ రాసి పంపిన మనిషి. అడుగున సేకర్త నంబరు నాలుగు అని ఉంది. నాలుగో నంబరు మా వదిన.

నంబరు తప్పు పడిందేమోనని సేకర్తల పుస్తకం తీసి చూశాను. ఏం చూసినా లాభం లేదు. వదిన టైపు మిషను మీద ఆర్ అక్షరం మిగతావాటి కంటే కాస్త పైకి లేచి పడుతుంది. చీటీ నిండా ఆర్‌లన్నీ పైకి లేచే ఉన్నాయి. ఒక్కో ఆర్‌నూ వేలితో తడుముతూ కూర్చున్నాను. పక్క బల్ల ఆవిడ "ఏమైందండీ, అలా పాలిపోయారు?" అని అడిగితే ఏం చెప్పానో గుర్తు లేదు.

వదిన మా ఆఫీసులోనే నలభై ఏళ్లు పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరైంది. రిటైరైంది జీతం మాత్రమే, అలవాటు కాదు. బస్సులో, బ్యాంకు వరసలో, పళ్లు పీకే డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉన్నప్పుడు కూడా చెవులు పని చేస్తూనే ఉంటాయి. విన్నది ఇంటికొచ్చి టైపు చేసి పోస్టులో వేస్తుంది. ఇంట్లో నేనున్నా నా చేతికి ఇవ్వదు, చుట్టాల చేతుల మీదుగా చీటీలు రాకూడదని అదొక రూలు. ఇరవై ఎనిమిదో తేదీన ఆవిడ కళ్లజోడు మార్పించుకోవాలని చెప్పి బయటికి వెళ్లింది. అది నాకు బాగా గుర్తు. ఎందుకంటే సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి టైపు మిషను ముందు కూర్చుని వెలిగిపోతోంది. "ఇవాళ భలే చీటీ దొరికిందే మిరపకాయ్" అంది. నాకు ఆవిడ పెట్టిన పేరది. నేను చెప్పులు విప్పుకుంటూ "నీకేం, ఎన్నైనా చెబుతావు" అన్నాను. అంతే. ఇంకేమీ అడగలేదు.

చీటీ ఆఫీసు గడప దాటితే ఉద్యోగం ఊడుతుంది. నేను దాన్ని పర్సులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే అర్థం కాలేదు. తల మీద పిడుగు పడుతున్న సమయంలో, ఆ పిడుగు ఎంత చక్కటి ఇంగ్లిషులో పడిందో గుర్తుపెట్టుకున్న మనిషిని ఏమనాలి? ఏడవాలా, చంపేయాలా?

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. ముందు గదిలో అన్నయ్య కుట్టు మిషను నడుస్తోంది. మా అన్నయ్య దర్జీ. మెడలో కొలత టేపు, చెవి వెనక పెన్సిలు, నోట్లో గుండు సూదులు. సూదులు లేకపోయినా ఆయన పెద్దగా మాట్లాడడు. ఏదైనా చెప్పడం మొదలుపెడితే వదిన పూర్తి చేస్తుంది. ఎదుటివాళ్లకు కాలు బెణికినా ఈయన కళ్లు తడుస్తాయి కాబట్టి వదిన ఆయనకు కొళాయి అని పేరు పెట్టింది. నన్ను చూసి తలెత్తి, గోడ గడియారం చూసి, మళ్లీ కుట్టులో పడిపోయాడు. నేను సరాసరి వంటింట్లోకి వెళ్లి తలుపు చేరవేశాను.

వదిన బల్ల దగ్గర కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. చీటీ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ దాన్ని చూసింది. నన్ను చూసింది. "ఎన్ పెట్టె నీ దగ్గరికెలా వచ్చింది?" అంది.

"నిదానం గారు సెలవు పెట్టారు."

"ఓర్నాయనో! ఆయనైతే ఇంకో ఏడాదికి గానీ పెట్టె అడుగు దాకా రాడనుకున్నాను. వచ్చినా కింది వరసలు చూసే రకం కాదు." చీటీని దగ్గరికి లాక్కుంది. "టిక్కు పెట్టేశావే! ఒప్పుకున్నారన్నమాట. అర్థం బతికింది పోనీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. "వదినా! నీకసలు బుద్ధుందా? నీ తలలో గడ్డుందని నేను రేకు పెట్టెలో చదివి తెలుసుకోవాలా? అది కూడా టిక్కు పెట్టాక!"

"మెల్లగా," అని గది వైపు కళ్లతో చూపించింది. మిషను నడుస్తూనే ఉంది. "ఆయనకు తెలిస్తే ఇల్లు కన్నీళ్లలో కొట్టుకుపోతుంది."

"రాయకుండా ఉండాల్సింది. లేదా ఎవరితో అన్న చోట స్నేహితురాలితో అని రాయాల్సింది."

వదిన నన్ను చూసిన చూపుకి నేనే తల దించుకున్నాను. "నలభై ఏళ్లలో ఒక్క వరస అబద్ధం రాయలేదు. ఇప్పుడు నా కోసం రాస్తానా?" అంది. "ఆయన ఆ మాట అనగానే ముందు నాకు భయం వెయ్యలేదే. ఇది మనకు లేని చీటీ అనిపించింది. సంచిలో పెన్ను కోసం వెతుకుతుంటే, పాపం ఆ డాక్టరు మంచినీళ్లు తెప్పించాడు. భయం బస్సెక్కాక వచ్చింది. అప్పుడొచ్చింది, బాగా వచ్చింది."

ఆవిడ నోట భయం అన్న మాట నేను పాతికేళ్లలో వినలేదు. ఎదురుగా కూలబడ్డాను. అప్పుడు చెప్పింది, బీన్స్ ఈనెలు తీస్తూనే. ఆపరేషన్ చేస్తే బతుకుతుంది. కానీ గడ్డ ఉన్నది మాటలుండే చోట. దాన్ని తీస్తుంటే దాంతో పాటు మాటలు కూడా పోవచ్చు. కొన్ని పోతాయా, అన్నీ పోతాయా, తిరిగి వస్తాయా, ఎవరూ చెప్పలేరు. చేయకపోతే మాటలు కొన్నాళ్లుంటాయి. మనిషి ఏడాది ఉంటుందేమో. నిర్ణయం ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా డాక్టరుకు చెప్పాలి. ఇంకా ఆలస్యమైతే ఆయన కూడా చేయగలిగింది ఏమీ ఉండదు.

"ఏం చెబుతున్నావు మరి?"

"వద్దని."

కుర్చీ లోంచి లేచాను. మళ్లీ కూర్చున్నాను. బల్ల మీద ఈనెల కుప్ప ఉంది, దాన్ని చేత్తో కింద పడేశాను. "వద్దని చెప్పడానికి నువ్వెవరు? మాటల కోసం చచ్చిపోతావా? మాటలు లేనివాళ్లు బతకడం లేదా?"

"బతుకుతున్నారు. వాళ్లు బతుకుతున్నది నలభై ఏళ్లు నాలాగా మాటలు పోగేశాక కాదు," అంది. కోపంగా అనలేదు. "నా సంగతి వదిలెయ్. మీ అన్నయ్య సంగతి చూడు. చొక్కాకి ఎన్ని బొత్తాలో కూడా నన్నడిగి కుడతాడు. ఎవరైనా గుమ్మంలోకొస్తే నేను మాట్లాడితేనే వాళ్లు కూర్చుంటారు. ఈ ఇంట్లో మాట నాదే. ఒకరోజు లేచి నేను మూగగా కూర్చుంటే ఆ మనిషి నన్నెలా తెలుసుకుంటాడు? నాకు ఆకలేస్తోందో, ఒళ్లు నొప్పిగా ఉందో, కోపమొచ్చిందో? ఏమీ తెలియక నా ముందు కూర్చుని ఏడుస్తుంటే, ఏడవకండి అని చెప్పడానికి నాకు నోరుండదు. ఏళ్ల తరబడి అది చూడటం కంటే, ఒక్క ఏడాది తిన్నగా మాట్లాడి పోతాను."

వంగి, కింద పడేసిన ఈనెలు ఏరడం మొదలుపెట్టాను. ముందు గదిలో మిషను ఆగిన సంగతి ఇద్దరమూ గమనించలేదు. తలుపు తెరుచుకుంది.

అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. నోట్లో సూదులు లేవు. "ఐదింటిదాకా టైం లేదు," అన్నాడు. "డాక్టరు గారు ఇవాళ నాలుగున్నరకే వెళ్లిపోతారు. పొద్దున ఫోన్ చేసి చెప్పారు."

వదిన చేతిలో ఉన్న బీన్స్ బల్ల మీద పడింది.

"మీకెవరు చెప్పారు?" అంది వదిన.

"ఎవరూ చెప్పలేదు. ఇరవై తొమ్మిదిన ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. నీకు తెలుసు కాబట్టి నాకూ తెలుసనుకుని... అంతా చెప్పేశారు."

"మూడు వారాలైంది!"

"ఆఁ."

"మూడు వారాలుగా తెలిసి ఒక్క మాట అనలేదా? ఏడవనైనా ఏడవలేదా?"

"నువ్వు చెప్పలేదుగా," అన్నాడు. "నువ్వు చెప్పేదాకా ఆగాలనుకున్నాను. ఏడిస్తే నీకు తెలిసిపోతుంది." ఆయన కళ్లు పొడిగా ఉన్నాయి, ఎర్రగా ఉన్నాయి. నా సొంత అన్నయ్య ఎవరో కొత్త మనిషిలా కనిపించాడు. "పైగా పని కూడా ఉండింది."

"ఏం పని?"

ముందు గదిలోకి వెళ్లి కొలతల పుస్తకం తెచ్చాడు. నల్ల అట్ట, నడుం, భుజం, చేతి పొడవు రాసుకునే పుస్తకం. దాన్ని వెనక నుంచి తెరిచి వదిన ముందు పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. నేను వంగి చదివాను. గీతలు గీసి వరసలు చేశాడు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేసింది, ఏమిటి.

అద్దం ముందు, మంగళవారం పొద్దున. 'దు' అని ఆగిపోయింది. దువ్వెన.

వంటిల్లు, గురువారం. స్టవ్ వైపు చూసి రెండు వేళ్లు రుద్దింది. అగ్గిపెట్టె.

ముందు గది, శుక్రవారం. పేపరు మడిచి నా వైపు కోపంగా చూసింది. కళ్లజోడు. నేను దాని మీద కూర్చున్నాను.

గుమ్మం దగ్గర, ఆదివారం సాయంత్రం. వెనక్కి తిరిగి ఎడమ చెయ్యి రెండుసార్లు ఊపింది. గొడుగు.

అలాంటివి పదకొండు ఉన్నాయి. మూడు వారాల్లో వదిన నోటి నుంచి పదకొండు మాటలు జారిపోయాయి. ఆవిడ మాట మార్చేసి, దగ్గి, నవ్వి ఒక్కొక్కటీ కప్పిపుచ్చుకుంది. నేను రోజూ పక్కనే కూర్చుని తింటున్నాను. జీతం తీసుకునేదే మాటలు పట్టుకోవడానికి, ఒక్కటి కూడా పట్టుకోలేదు. ఇంగ్లిషులో కొలతలు తప్ప ఇంకేమీ రాని ఈ దర్జీ పదకొండూ పట్టుకున్నాడు. ఆవిడ నోరు తెరవలేకపోయిన ప్రతిసారీ ఏం కావాలో కనిపెట్టి తెచ్చి పెట్టాడు, కనిపెట్టినట్టు కూడా తెలియనివ్వలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"తప్పులుంటాయి," అన్నాడు అన్నయ్య. "నాకు ఈ పని తెలీదు. ముందు ముందు ఇంకా కావాలి కదా అని... ఇప్పటి నుంచే మొదలుపెట్టాను. నువ్వు మాట్లాడకపోతే నాకు తెలీదనుకున్నావు. తెలుస్తుంది. కొంచెం టైం పడుతుంది, అంతే."

ఆయన ఒక్కసారిగా అన్ని వాక్యాలు చెప్పడం, వాటిని వదిన మధ్యలో అందుకోకపోవడం, రెండూ నాకు కొత్తే. ఆవిడ పేజీ మీద నుంచి తల ఎత్తలేదు. ఒక్కో వరసనూ వేలు పెట్టి చదివింది, ఆఫీసులో చీటీలు చదివినట్టే, చివరి దాకా. తర్వాత చెయ్యి చాపింది. అన్నయ్య చెవి వెనక నుంచి పెన్సిలు తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఇది తప్పు," అంది వదిన, ఆదివారం వరస మీద పెన్సిలు ఆనించి. "ఆ రోజు వాన ఎక్కడుందండీ?"

"మరి గొడుగు తెచ్చిస్తే తీసుకున్నావుగా?"

"చెప్పలేక తీసుకున్నాను. ఎంత వెతికినా మాట దొరకలేదు. ఎండలో గొడుగేసుకుని బజారంతా తిరిగొచ్చాను." ఆవిడ నవ్వింది. గొడుగు అన్న మాటను శుభ్రంగా కొట్టేసి, పక్కన 'మీరూ రండి' అని రాసి, పుస్తకం ఆయన వైపు తిప్పింది.

అన్నయ్య ఆ రెండు మాటల్నీ పైకి చదివాడు. "ఇకనుంచి వస్తాను," అన్నాడు.

నాలుగుంబావు అయింది. వదిన ఫోన్ తీసి నంబరు నొక్కి, తాను మాట్లాడకుండా దాన్ని అన్నయ్య చేతికిచ్చింది.

"ఏమని చెప్పను?" అన్నాడాయన.

"చేయమని చెప్పండి," అంది వదిన.